మొగులు మన మీదుగానే పోతుంది, వాన మాత్రం ఎందుకు పడదు?

"అన్నా, మాది కల్వకుర్తి దగ్గర. జూలై అంతా మొగులు మా చెల్కల మీద నుంచే ఉరుకుతుంది, చినుకు రాలదు. జూరాల గేట్లు ఎత్తారని టీవీలో చూపిస్తుంటారు, ఇక్కడ మా పత్తి వాడిపోతుంటుంది. కృష్ణ మన పక్కనే ఉన్నా మనకు వాన ఎందుకు తక్కువ? చెట్లు కొట్టేసినందుకేనా? ఫోన్‌లో వాన అని చూపిస్తే ఎందుకు పడదు?" అని అడిగావు తమ్ముడూ.

నేను ఇరవై ఏడేళ్లు మండల ఆఫీసుల్లో గణాంకాల పని చేశాను. వానకాలంలో పొద్దున ఎనిమిదిన్నరకు రెయిన్ గేజ్ మూత తీసి, లోపలి నీళ్లు గాజు కొలత గ్లాసులో పోసి, ఆ అంకెను రిజిస్టర్‌లో రాయడం నా పని. పాలమూరులోనూ చేశాను, నల్లగొండలోనూ చేశాను. నువ్వు అడిగిందే నన్ను ఎన్నో ఊళ్లలో రైతులు అడిగారు. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపికగా చదువు.

ముందు ఒక మాట. మన వాన జూన్‌ది కాదు. జూన్‌లో రుతుపవనాలు వచ్చాయని పేపర్లో చదివి మనం విత్తనం పెడతాం. కానీ మన ప్రాంతాన్ని గట్టెక్కించేది చాలా ఏళ్లలో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా పడే వానే. ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి.

మన వానకు రెండు దారులున్నాయి. ఒకటి పడమర నుంచి, అరేబియా సముద్రం నుంచి. రెండోది తూర్పు నుంచి, బంగాళాఖాతం నుంచి. రెండూ మన దాకా వచ్చేసరికి సగం సగమే మిగులుతాయి.

పడమటి దారి చూడు. జూన్ ఒకటో తారీఖు అటూఇటూగా కేరళను తాకిన గాలి, నీటి ఆవిరిని మోసుకుని పశ్చిమ కనుమలకు గుద్దుకుంటుంది. కొండ ఎక్కే గాలి చల్లబడుతుంది, చల్లబడిన గాలి ఆవిరిని మోయలేదు, అక్కడే కుమ్మరించేస్తుంది. కృష్ణ పుట్టిన మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,500 మిల్లీమీటర్ల పైన పడుతుంది. అక్కడి నుంచి తూర్పుకు ముప్పై కిలోమీటర్లు కొండ దిగి వాయి అనే ఊరికి వస్తే వెయ్యి కూడా దాటదు. ముప్పై కిలోమీటర్లంటే మీ ఊరి నుంచి నాగర్‌కర్నూల్ పోయి వచ్చినంత కూడా కాదు! కొండ దిగే గాలి మళ్లీ వేడెక్కుతుంది, ఎండిపోతుంది. బీజాపూర్, రాయచూర్, బళ్లారి, అనంతపురం వరుసగా ఆ ఎండు పట్టీలోనే ఉన్నాయి. మన గద్వాల, నారాయణపేట, మక్తల్ దాని తూర్పు అంచున ఉన్నాయి. అందుకే తెలంగాణ మొత్తం సగటు ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే, ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు వచ్చేది 600 చిల్లర. ఉమ్మడి నల్లగొండకు 750 దగ్గర. ఆదిలాబాద్ వైపు వెయ్యి దాటుతుంది.

జూరాల గేట్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఆ నీళ్లు మన వాన కాదు. ఆ కనుమల మీద పడి, కర్ణాటకలోని ఆల్మట్టి, నారాయణపూర్ డ్యామ్‌లు దాటి వచ్చినవి. తంగిడి దగ్గర కృష్ణ మన రాష్ట్రంలో అడుగుపెట్టేటప్పటికి అది వేరే చోట కురిసిన వానను మోసుకొస్తోంది. ఒడ్డున నిలబడి చూసే రైతుకు అది ఎంత బాధ పెడుతుందో నాకు తెలుసు. మక్తల్ వైపు పని చేసిన రోజుల్లో నదిలో ఎర్రనీళ్లు సుడులు తిరుగుతుంటే, అర కిలోమీటర్ ఇవతల వేరుశనగ ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకోవడం కళ్లారా చూశాను.

మరి నది పక్కనే ఉంటే ఆవిరి లేచి వాన పడదా అంటావు. లెక్క వేద్దాం. శ్రీశైలం జలాశయం నిండితే నీటి విస్తీర్ణం ఆరువందల చదరపు కిలోమీటర్ల పైన. రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైనా పోయేది టీఎంసీలో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అదే ఉమ్మడి పాలమూరు అంతటా ఒక్క అంగుళం వాన పడాలంటే పదహారు టీఎంసీల నీళ్లు ఆకాశం నుంచి దిగాలి. పైగా జలాశయం మీద లేచిన ఆవిరి ఉన్నచోట ఉండదు, గాలి దాన్ని ఎటో తీసుకుపోతుంది. వానకు కావలసిన నీళ్లు సముద్రం నుంచే రావాలి, వేరే దారి లేదు.

చెట్ల గురించీ ఇలాగే చెప్పాలి, తప్పుగా తీసుకోకు. చెట్టు నేలను చల్లగా ఉంచుతుంది, పడ్డ వానను ఇంకిస్తుంది, గాలి జోరును తగ్గిస్తుంది. నల్లమల లేకపోతే మన వాగులు ఇంకా ముందే ఎండేవి. కానీ మీ ఊళ్లో చెట్లు కొట్టేశారు కాబట్టి మీ ఊరికి వాన తగ్గింది అనడం సరికాదు. రుతుపవనాల వాన ఎంత అనేది వేల కిలోమీటర్ల అవతల తేలుతుంది. చెట్లు పెంచు, తప్పకుండా పెంచు, పడ్డ వాన నిలవడానికి.

ఇక మొగులు ఉరకడం. జూలైలో నువ్వు చూసే ఆ మొగులు చాలా పలచన. మన ఆషాఢం గాలి తెలుసు కదా, రేకులు లేచిపోయేంత. ఆ పడమటి గాలి నేల నుంచి కిలోమీటరున్నర ఎత్తులో ఇంకా జోరుగా ఉంటుంది. కింద ఉన్న తేమకు మబ్బు పడుతుంది కానీ దాని పైన ఎండు గాలి మూతలా కూర్చుంటుంది. మబ్బు రెండు మూడు కిలోమీటర్లు పెరిగి ఆగిపోతుంది. అందులో చినుకు లావెక్కే లోపలే గాలి దాన్ని సూర్యాపేట దాటిస్తుంది. చాలాసార్లు తుంపర రాలుతుంది, చొక్కా తడుస్తుంది, నేల తడవదు. గమనించు, ఆ రోజుల్లో ఉరుము వినపడదు. ఉరమాలంటే మబ్బు పది, పన్నెండు కిలోమీటర్లు పైకి లేవాలి.

ఆగస్టు చివరికి ఈ గాలి సన్నగిల్లుతుంది. నేలలో, గాలిలో తేమ ఉంటుంది, మబ్బుల మధ్య ఎండ సుర్రుమంటుంది. మధ్యాహ్నం మూడింటికి తూర్పునో దక్షిణానో మొగులు గోపురంలా లేస్తుంది, సాయంత్రానికి ఉరుములు, రాత్రికి గట్టి వాన. ఇదే మన వాన. ఆదిలాబాద్ వైపు జూలై, ఆగస్టు అయిపోతే సెప్టెంబరులో వాన బాగా తగ్గుతుంది. మనకు సెప్టెంబరు ఆ రెండు నెలలకు దాదాపు సమానంగా నిలబడుతుంది. మన పెద్దలు "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నది ఇందుకే. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 అటూఇటూగా మొదలై హస్త వచ్చే దాకా, రెండు వారాలు. అప్పటికీ వాన లేకపోతే ఇక ఊళ్లో ఉండి లాభం లేదు, గంప ఎత్తుకుని బతకడానికి పొమ్మని. వలసను ఇంతగా చూసిన పాలమూరులో ఈ మాట వింటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కార్తెల గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో ఆ లెక్క. రుతువులు నడిచేది నక్షత్రాలను బట్టి కాదు, భూమి వంపును బట్టి. ఈ రెండు లెక్కలకూ ఏడాదికి ఇరవై నిమిషాల తేడా ఉంది. దానివల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తె ఆలస్యంగా వస్తుంది, వెయ్యేళ్లకు ఒక కార్తె అంత. మన ముత్తాతల కాలానికీ మనకూ తేడా ఒకటి రెండు రోజులే కాబట్టి సామెత ఇంకా పనికొస్తుంది. "కార్తెలు తప్పాయి, కలికాలం" అనేవాళ్ల మాట పట్టించుకోకు. ఏడాదికీ ఏడాదికీ వాన మారడం కార్తె తప్పడం కాదు.

ఇక తూర్పు దారి. బంగాళాఖాతం మీ ఊరికి మూడువందల కిలోమీటర్ల లోపే, అరేబియా సముద్రం కంటే చాలా దగ్గర. అయినా జూలై, ఆగస్టుల్లో అక్కడ పుట్టే అల్పపీడనాలు ఎక్కువగా ఉత్తరాన, ఒడిశా, బెంగాల్ తీరాల దగ్గర పుట్టి ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యానికి పోతాయి. అలాంటి వాయుగుండానికి నైరుతి పక్కన వాన దంచికొడుతుంది. అది ఒడిశాలో ఉంటే నైరుతి పక్కకు వచ్చేది ములుగు, భద్రాచలం, ఆదిలాబాద్. మనకు ముసురు అంచు మాత్రం తగులుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇవి పుట్టే చోటు కిందికి దిగుతుంది. అప్పుడు మన వంతు. నేను నా కోసం పెట్టుకున్న గుర్తు ఇది: పూరీ, పారాదీప్ దగ్గర తీరం దాటుతుందంటే మనకు పెద్దగా ఆశ లేదు. కళింగపట్నం నుంచి కాకినాడ మధ్య దాటుతుందంటే నల్లగొండ, సూర్యాపేట వైపు చెరువు కట్టలు చూసుకోవాలి. నెల్లూరు కింద దాటితే రాయలసీమకు, దానితో పాటు గద్వాల, అలంపూర్ అంచుకు. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా పోయింది. హైదరాబాద్ మునిగింది, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్ల పైన పడింది. 2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండానికి తెల్లారేసరికి కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, ఖమ్మంలో మున్నేరు పొంగింది. 2009లో దేశమంతా వానలు బాగా తక్కువ. అదే ఏడాది అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా వచ్చి కర్నూలునూ మన అలంపూర్‌నూ ముంచాయి. కరువు, వరద ఒకే ఏడాది ఒకే చోట రాగల నేల ఇది.

ఎల్‌నినో గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి తక్కువ చెప్తాను. పసిఫిక్ సముద్రం నడిమి భాగం, తూర్పు భాగం మామూలు కంటే వేడెక్కితే మన రుతుపవనం చాలాసార్లు నీరసిస్తుంది. 2009, 2015, 2023 అలాంటివే. 2023 ఆగస్టు 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశానికే అన్నిటికంటే ఎండిన ఆగస్టు. కానీ 1997లో బలమైన ఎల్‌నినో ఉన్నా దేశానికి మామూలు వానలే పడ్డాయి. హిందూ మహాసముద్రం పడమటి పక్క వేడెక్కి ఆదుకుంది. కాబట్టి ఎల్‌నినో అని వినగానే భూమి పడావు పెట్టకు. పంటను మార్చు, కంది, ఆముదం, జొన్న వైపు చూడు.

ఎండల సంగతి నువ్వు అడగలేదు, కానీ వానతో ముడిపడింది కాబట్టి చెప్తాను. మన అక్షాంశంలో సూర్యుడు నడినెత్తిన నిలిచేది మే 7, 8 ప్రాంతంలో. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంపావు దగ్గర నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు 5 ప్రాంతంలో మళ్లీ అంతే. రెండు రోజులూ సూర్యుడు ఒకే ఎత్తున ఉన్నా, మేలో పెనం, ఆగస్టులో గొడుగు లేకుండా తిరగొచ్చు. తేడా అంతా నేల తడి, మబ్బు. తడి నేల మీద పడ్డ ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికి పోతుంది. ఎండిన చెల్క మీద, బండ గుట్టల మీద పడ్డ ఎండ గాలిని కాల్చడానికే పోతుంది. దానికి వాయవ్యం నుంచి వడగాలి తోడైతే 2015 మే గుర్తుంది కదా, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు.

నల్లగొండ ఎండ పాలమూరు ఎండ కంటే ఎందుకు ఎక్కువ అనిపిస్తుందో తెలుసుకోవాలంటే డ్యామ్ లెవెళ్లు చూడు. జూరాల పూర్తి మట్టం 1,045 అడుగులు, శ్రీశైలం 885, సాగర్ 590. పేపర్లో రోజూ వచ్చే ఈ అంకెలు సముద్ర మట్టం నుంచి ఎత్తు. అంటే నది మెట్లు దిగినట్టు దిగుతోంది. మహబూబ్‌నగర్ పట్నం 1,600 అడుగుల ఎత్తున ఉంది, సాగర్ కింద మిర్యాలగూడ వైపు నేల బాగా కింద. కిలోమీటర్ ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల తేడా అనుకుంటే ఇక్కడికీ అక్కడికీ రెండు డిగ్రీలు ఎత్తు వల్లే వస్తాయి. దానికి తోడు సాగర్ ఆయకట్టు వరి పొలాల తేమ. అందుకే మిర్యాలగూడలో ఎండ కంటే ఉక్కపోత చంపుతుంది.

ఫోన్ వాన గురించి. ఫోన్‌లో కనపడే లెక్క పది, పదిహేను కిలోమీటర్ల గడిని ఒక్క చుక్కగా చూసి వేసింది. మన సాయంత్రపు మొగులు మూడు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ గడిలో ఎక్కడో పడుతుంది, నీ చెల్కలోనే పడాలని లేదు. దీనివల్ల జరిగే అన్యాయం నేను చేతులారా రాయాల్సి వచ్చింది. ఒక మండలంలో పని చేసేటప్పుడు గేజ్ మండల కేంద్రంలో ఒక్కటే ఉండేది. ఒక పొద్దున కొలిస్తే 42 మిల్లీమీటర్లు. సంతోషంగా రాసి తల ఎత్తితే, పద్నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరి పెద్దాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన తువ్వాల ముడి విప్పి మట్టి చూపించాడు, వేళ్ల మధ్య పిండిలా జారిపోయింది. వాళ్ల ఊళ్లో చినుకు లేదు. కాగితం మీద మాత్రం మండలమంతా తడిసింది. ఆ నెల చివరికి కరువు జాబితాలో ఆ మండలం లేదు. ఇప్పుడు రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి, పరిస్థితి చాలా మెరుగు. అయినా నీ చెల్క లెక్క నీ దగ్గరే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అది కష్టం కాదు. గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా తీసుకో. మెడ సన్నగా ఉన్న సీసా వద్దు. నేల నుంచి అడుగు ఎత్తున కదలకుండా బిగించు. పక్కన గోడ గానీ చెట్టు గానీ ఉంటే దాని ఎత్తుకు రెండింతల దూరం జరుగు, లేకపోతే ఏటవాలు వాన అడ్డు పడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు నిలువుగా ముంచు, ఎన్ని మిల్లీమీటర్లు తడిస్తే అంత వాన. ఒక ఎకరంపై ఒక మిల్లీమీటర్ అంటే నాలుగు వేల లీటర్లు, ఒక చిన్న ట్యాంకర్.

దీంతో విత్తనం లెక్క కూడా తేలుతుంది. తొలకరిలో 15 మిల్లీమీటర్లు పడగానే చాలామంది పత్తి గింజ పెడతారు. ఎండకాలం చివర ఇక్కడ నీళ్లు రోజుకు ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు ఆవిరవుతాయి. ఆ పదును రెండు, మూడు రోజుల్లో పోతుంది, గింజ మొలిచి మాడుతుంది, మళ్లీ ప్యాకెట్లు కొనాలి. రెండు, మూడు వానల్లో కలిపి 60 నుంచి 75 దాకా పడేవరకు ఆగు. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట పట్టు, ముద్ద కట్టి నిలబడితే పెట్టు. ఎర్ర చెల్కలో తడి తొందరగా ఆరుతుంది, అలంపూర్ వైపు నల్లరేగడిలో వారం నిలుస్తుంది. కాబట్టి పక్క జిల్లా వాళ్లను చూసి తొందరపడకు. జూలైలో ఇరవై రోజులు వాన లేకపోవడం మన దగ్గర మామూలే. దాన్ని ముందే లెక్కలో వేసుకుని కంది సాళ్లు కలిపి పెట్టు.

సెప్టెంబరు సాయంత్రాల్లో ఉరుము వినపడితే చెట్టు కిందికి పోవద్దు. ఫోన్‌లో దామిని యాప్ వేసుకో, పిడుగు దగ్గరలో ఉంటే చెప్తుంది. ఈ ఏడు డబ్బా పెట్టి, ఉత్తర కార్తె రెండు వారాల అంకెలు రోజువారీగా ఇక్కడే రాయి. నా పాత డైరీలో కల్వకుర్తి వైపు అంకెలు ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూద్దాం.